ముద్ద ముట్టని తాబేలు

తాబేలు ఇవాళ కూడా తినలేదు. తోటకూర ఆకు తుంచి మూతి దగ్గర పెట్టాను. మెడ కాస్త చాపింది, వాసన చూసింది, టక్కున లోపలికి లాక్కుంది. ఎండు కొబ్బరి కుడుకంత లేదు, ఏం పొగరు దీనికి!

"తినవే తల్లీ, నీకు దండం పెడ్త," అన్నాను. మార్కెట్ యార్డు పక్క షెడ్డులో పొద్దంతా మిర్చికి తొడిమలు తీసి వస్తాను. నడుము నిలబడదు. ఇంటికొచ్చాక ఈ బతిమాలుడు.

తిననిది ఇదొక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. నా కూతురు హేమలతా అంతే. దానికి ఏడాది నిండగానే ఏన్కూరు దగ్గరి తండాలో మా అత్తకు అప్పగించి, నేనూ మా ఆయన చందూలాలూ పని కోసం ఖమ్మం వచ్చాం. ఇప్పుడు బడిలో వేద్దామని తెచ్చుకున్నాం. అన్నం కలిపి ముద్ద పెడితే మొదటిది ఎలాగో మింగుతుంది. రెండోదానికి కళ్ల నిండా నీళ్లు తెచ్చుకుని, చాలంటుంది. నాయనమ్మ మీద బెంగ అనుకున్నాం. ఆ బెంగ మరిపిద్దామనే చందూలాల్ చేలో దొరికిన ఈ తాబేలు పిల్లను టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చాడు. అదీ దీనికి తోడైంది.

"ఇగ లాభం లేదు లాలీ," అన్నాడు చందూలాల్ ఆ రాత్రి. "పిల్ల ఎండుకపోతున్నది. ఆదివారం తండాల దింపొస్త."

"నా బిడ్డను నా దగ్గర ఉండనియ్యవా?"

"నేనేమన్న వద్దన్ననా? అది తింటలేదు గదా!"

ఇన్నేళ్లు దూరం పెట్టిన తల్లి చేతి ముద్ద ఏ పిల్లకు రుచిస్తుంది? ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకున్నాను.

శనివారం యార్డుకు సరుకు రాలేదు. జల్దీ ఇంటికొచ్చాను. హేమలత ఇంటి వెనక, నల్లా దగ్గర తడి మట్టిలో కూర్చుని ఉంది. ఎదురుగా తాబేలు. హేమలత చేతిలో అదే తోటకూర. తాబేలు నోరు తెరిచి కరకరా నములుతోంది! సంతోషంతో కేకేయబోయాను. అంతలో హేమలత దానితో గుసగుసగా అంటున్నది వినబడింది.

"తిను, నా చెయ్యి మండదు. యాడి చెయ్యి మస్తు మండుతది. గానీ చెప్పకు. చెప్తే ఏడుస్తది."

యాడి అంటే మా లంబాడీలో అమ్మ. నా ఎదుట అది నన్ను ఒక్కసారైనా అలా పిలవలేదు.

గోడ చాటుకు తప్పుకున్నాను. వేళ్లు నాలుక మీద పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు. మిర్చి మంట నాకు ఎప్పుడో అలవాటైపోయింది. రోజూ సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునే వస్తాను. గోళ్ల సందుల్లో ఎరుపు మాత్రం అలాగే ఉంది. ఈ చేత్తోనా పసిదానికి ముద్దలు పెట్టింది! ఎంత మొద్దుదాన్ని!

సాయంత్రం పప్పన్నం చెంచాతో కలిపి కంచం దాని ముందుకు జరిపాను.

"ఇయ్యాల్టి నుంచి నువ్వే తిను బిడ్డా."

అనుమానంగా నా వంక చూసింది. ఒక ముద్ద తిన్నది. ఇంకోటి తిన్నది. కంచం ఖాళీ చేసి మళ్లీ పెట్టమంది. చందూలాల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏందే, ఏం మాయ చేసినవ్?"

"నోర్మూసుకొని తిను. రేపు ఎవ్వరూ తండాకు పోరు."

హేమలత చిన్న ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. తిన్నాను. ఎంత ఆపుకున్నా కన్నీళ్లు ఆగలేదు. అది బెదిరిపోయి తన వేళ్లు చూసుకుంది.

"మండిందా యాడీ?"

"లేదు బిడ్డా," అన్నాను. "సల్లగున్నది."