పేకగదికెక్కిన భరిణె మూత

నేను ఒక మూతను. భరిణె లేని మూతను. ఈ మాట వినగానే "అయ్యో పాపం" అనేవాళ్లుంటారు. మీ జాలి నాకక్కర్లేదండీ. నేను ఎవరి ముందు కూర్చుంటే వాళ్లే పేక పంచాలి. ఒకప్పుడు ఎర్రజెండా చూపించి ఎక్స్‌ప్రెస్ రైళ్లనే ఆపిన పెద్దమనుషులు ఇవాళ నేను కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు. భరిణెతోనే ఉండిపోయి ఉంటే ఈ వైభోగం నాకెక్కడిది? అద్దం ముందు కుంకుమ కప్పుకుని పడుండేదాన్ని.

పుట్టింది ఏటికొప్పాకలో. సోమలింగం అనే పనివాడు అంకుడు కర్రని చక్రానికి బిగించి, ఉలితో నన్ను గుండ్రంగా తీశాడు. తిరుగుతున్న నా ఒంటికి లక్క కడ్డీ ఆనించి పసుపు రంగు ఎక్కించాడు. అంచున సన్నటి నీలం గీత పెట్టాడు. మొగలి ఆకుతో రుద్ది రుద్ది మెరుగు తెచ్చాక నన్ను భరిణె మీద నొక్కి చూసి, "సూడే, గాలి కూడా దూరదు" అని పెళ్లానికి చూపించుకున్నాడు. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల కూడా తిప్పలేదు. మనుషుల్లో గొప్ప పని చేసినవాడికి ఇంట్లో దక్కే మర్యాద ఇంతేనని నాకు ఆ రోజే తెలిసింది.

మమ్మల్ని కొన్నది అనకాపల్లి దగ్గర దాడి వారి ఆడపడుచు మాణిక్యం తల్లి. కూతురికి రైల్వేలో టికెట్ కలెక్టరు ఉద్యోగం వచ్చిందని బహుమతిగా కొంది. అప్పట్లో ఆడపిల్ల నల్లకోటు వేసుకుని బోగీలో టికెట్లు అడగడమంటే చుట్టాలంతా బుగ్గలు నొక్కుకునేవారు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, రైలు ఒక్క కుదుపు కుదిపేసరికి బొట్టు దిద్దుకోవడానికి నన్ను తీసి పట్టుకున్న మాణిక్యం చేతిలోంచి భరిణె జారి, ప్లాట్‌ఫారానికీ బోగీకీ మధ్య పడి చక్రాల కింద నుగ్గునుగ్గయింది. చేతిలో నేను మిగిలాను. ఇంకొకరైతే నన్నూ విసిరేసేవారు. ఆమె మాత్రం కోటు జేబులో వేసుకుంది.

అలా ముప్పైయేళ్లు ఆ జేబులో తిరిగాను. ఆలోచన వస్తే చాలు, ఆమె బొటనవేలు నా అంచు మీద తిరిగేది. నీలం గీత అలాగే అరిగిపోయింది. మొహాలు చదవడం నేనూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. టికెట్ లేనివాడు నిద్రపోడు, నిద్ర నటిస్తాడు. వాడి కనురెప్పలు చాలు, పట్టిచ్చేస్తాయి. మాణిక్యం ఎవర్నీ వదల్లేదు. ఒకసారి సొంత బావగారు, అక్క మొగుడండీ, మామూలు టికెట్‌తో స్లీపర్ బోగీలో కాళ్లు చాపుకుని దొరికాడు. రసీదు చింపి చేతిలో పెట్టింది. ఏడాదిపాటు ఆ ఇంటినుంచి మాటల్లేవు. నాకైతే ఆ రోజు ఒళ్లు పులకరించిపోయింది.

ఆమె రిటైరై, తను పనిచేసిన జంక్షన్ ఊళ్లోనే ఉండిపోయింది. అక్కడ రైల్వే పెన్షనర్ల క్లబ్బు ఒకటుంది. చందా కట్టి సభ్యురాలైంది. పత్రికలు చదువుకోవచ్చు, క్యారమ్స్ ఆడుకోవచ్చు, భజనలో కూర్చోవచ్చు. పేకగదిలోకి మాత్రం ఆడవాళ్లు వెళ్లరు. ఏ నియమావళిలోనూ రాసి లేదు. వెళ్లరంతే.

ఆ గదికి పెద్ద గొర్లె సింహాద్రి నాయుడు గారు, రిటైరైన స్టేషన్ మాస్టరు. మంచివాడే, కాకపోతే తనకు తెలియనిది లోకంలో ఉండదనుకుంటాడు. ఏడాది క్రితం ఓడల్లో పనిచేసే ఆయన మేనల్లుడు వచ్చి, వాళ్లకి హోల్డెం పోకర్ అనే కొత్త ఆట నేర్పాడు. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం మీద రూల్సన్నీ తెలుగులో రాసి గోడకి అంటించాడు. కొన్నాళ్లు అందరూ దాన్ని గౌరవంగా చూశారు. తర్వాత దానిమీద క్యాలెండరు తగిలించారు.

అయితే ఆ కాగితం గోడకెక్కిన మొదటివారంలోనే కిటికీ పక్క వరండాలో పత్రిక పట్టుకు కూర్చున్న మాణిక్యం దాన్ని అక్షరం పొల్లుపోకుండా బుర్రకెక్కించేసుకుంది. ఇంటికెళ్లి పక్కింటి పాపయ్యమ్మతో ఆడటం మొదలుపెట్టింది. మనిషికి రెండు ముక్కలు, ఎవరివి వాళ్లే చూసుకోవాలి. బల్ల మధ్య ఐదు ముక్కలు, అవి అందరివీ. మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి తిప్పుతారు. ఆ ఏడింటిలోంచి మంచివి ఐదు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. డబ్బుల్లేవు, చింతపిక్కలే పందెం. పంచే వంతు ఎవరిదో గుర్తుకి ఒక బిళ్ల ఉండాలని కాగితంలో ఉంది. మాణిక్యం సంచీలోంచి నన్ను తీసి బల్లమీద పెట్టింది. చూశారా, భరిణె పోయి ముప్పైయేళ్లు దాటాక నాకు ఉద్యోగం!

లోపల మగవాళ్ల ఆట చూస్తే నవ్వాగేది కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రమ్మీ ఆడిన చేతులాయె. మధ్యలో తమకి పనికొచ్చే ముక్క కనపడగానే గార్డు అప్పలస్వామి చెయ్యి దానంతటది వెళ్లి ఎత్తేసేది. "అది అందరిదయ్యా బాబూ, కింద పెట్టు!" అని నాయుడు గారు అరిచేవారు. అది పెట్టి, అప్పలస్వామి అలవాటుకొద్దీ చేతిలోది ఒకటి కింద పారేసేవాడు. ఒకనాడు వరండాలోంచి మాణిక్యం పైకే నవ్వేసింది.

"మీకేం తెలుసని నవ్వుతున్నారమ్మా?" అన్నారు నాయుడు గారు కిటికీలోంచి.

"తెలుసండీ. ఓ కుర్చీ వేయిస్తే ఆడి చూపిస్తాను."

నాయుడు గారు గొంతు సవరించుకున్నారు. "అది కాదమ్మా. ఆటలో మావాళ్లు నోరు జారతారు. మీరు వినలేరు."

"ముప్పైయేళ్లు జనరల్ బోగీలో తిరిగిన చెవులండీ ఇవి. మీవాళ్ల దగ్గర కొత్తగా వినేది ఏం ఉంటుంది?"

అప్పలస్వామి కిసుక్కుమన్నాడు. నాయుడు గారికి పౌరుషం వచ్చింది. శనివారం మధ్యాహ్నం తనతో ఒక్క ఆట ఆడమన్నారు. తలా ఒక గిద్దెడు చింతపిక్కలు, ఎవరివి ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. ఆమె గెలిస్తే పేకగదిలో కుర్చీ ఆమెది. ఓడితే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. "సరేనండీ" అంది మాణిక్యం. ఆ నాలుగు రోజులూ ఆమె వేలు నన్ను ఎంత తిప్పిందంటే, అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతిలో నేనే. పైకి నవ్వుతూ తిరిగింది గానీ, ఆ కుర్చీ ఆమెకి ఎంత కావాలో నాకు తెలుసు. తను పనిచేసిన రైల్వేలో, తనవాళ్లే కూర్చునే గదిలో, తనకి చోటు లేదనడం ఆమెని లోలోపల కాల్చేసింది.

శనివారం వచ్చింది. క్లబ్బు మొత్తం ఆ గదిలోనే. పాపయ్యమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. మాణిక్యం నన్ను తీసి బల్లమీద పెట్టింది.

"ఇదేవిటండీ?" అన్నారు నాయుడు గారు.

"పంచేవారి ముందు ఉండాల్సిన బిళ్లండీ. మీ కాగితంలో ఉంది కదా."

"ఆఁ ఆఁ, ఉంది ఉంది" అన్నారాయన, ఉందో లేదో తెలియకుండానే.

గంటన్నర ఆడారు. నేను అటూ ఇటూ తిరిగాను. నాయుడు గారికి మంచి ముక్కలొస్తే కళ్లజోడు తుడుచుకుంటారు. మాణిక్యం మూడో పంపకానికే అది పట్టేసి, ఆయన జేబురుమాలు తీసినప్పుడల్లా ముక్కలు బోర్లా పెట్టి ఆ పందెం వదిలేసింది. మొదట్లో ఆమెకి పోయిన పిక్కలు తిరిగొస్తూ, ఆయనవి తగ్గుతూ వచ్చాయి. ఇద్దరికీ సమానమయ్యాక నేను నాయుడు గారి ముందున్నాను. ఆయన పంచారు. మధ్యలో మూడు ముక్కలు తిప్పారు: ఆఠీను తొమ్మిది, ఆఠీను నాలుగు, కళావరు ఎనిమిది. నాలుగోది ఇస్పేటు ఏడు. మాణిక్యం తన పిక్కలన్నీ రెండు చేతులా ముందుకి తోసేసింది. నాయుడు గారు ఆమె మొహం చూశారు, అక్కడేం దొరకలేదు. "నేనూ అంతా పెట్టేస్తున్నా" అన్నారు.

అన్నీ పెట్టేశాక ముక్కలు చూపించడం ఆ గది పద్ధతి. మాణిక్యం జాకీ, పది తిప్పింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ. సీక్వెన్సు! నాయుడు గారివి ఆఠీను ఆసు, ఆఠీను ఆరు. బల్లమీది రెండూ కలిపి నాలుగు ఆఠీనులు. ఇంకోటి పడితే ఐదూ ఒకే గుర్తువి, అంటే కలరు.

గది గొల్లుమంది. వాళ్లంతా రమ్మీతోపాటు చిన్నప్పట్నుంచీ మూడుముక్కలాట కూడా ఆడినవాళ్లు. ఆ ఆటలో సీక్వెన్సు ముందు కలరు బలాదూరు. "ఇంకేటుంది, కలరు పడినా సీక్వెన్సుని కొట్టలేదు కదేటి!" అన్నాడు అప్పలస్వామి. నాయుడు గారు ఓ నిట్టూర్పు విడిచి, ఐదో ముక్క తిప్పకుండానే కట్ట బల్లమీద పడేశారు. "మీరే గెలిచారమ్మా. మాటంటే మాటే. ఆ కుర్చీ మీది" అన్నారు. పాపయ్యమ్మ చప్పట్లు కొట్టేసింది.

మాణిక్యం మాత్రం లేవలేదు. నేను ఆమెకి దూరంగా ఉన్నాను గానీ, ఆమె బొటనవేలు ఖాళీగా చీర అంచు మీద తిరగడం చూశాను. ఒక్క ముక్క తిప్పకపోతే కుర్చీ తనది. గదిలో ఒక్కడికీ తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. నిజం చెప్పనా? ఊరుకోమ్మా తల్లీ, అని నేనే మొక్కుకున్నాను.

"ఐదో ముక్క తిప్పండి" అంది.

"ఎందుకమ్మా ఇంకా?"

"తిప్పండి నాయుడు గారూ."

తిప్పారు. ఆఠీను రాణి.

మాణిక్యం కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. "ఇది మూడుముక్కలాట కాదండీ. ఐదు ముక్కల్లో కలరే అరుదు. ఈ ఆటలో సీక్వెన్సు కంటే కలరు పెద్దది. మీరే గెలిచారు" అంది. ఎవరూ నమ్మలేదు. ఆమె లేచి వెళ్లి క్యాలెండరు పక్కకి జరిపింది. మేనల్లుడి కాగితం అక్కడే ఉంది. నాయుడు గారు కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదువుకున్నారు. రెండుసార్లు చదివారు.

"అయితే వినాయక చవితికి నాను గెలిచినట్టేనా? నా కలరుని మీ సీక్వెన్సు తినేసింది కదండీ!" అని అప్పలస్వామి గుండెలు బాదుకున్నాడు. ఇంకెవరికో ఇంకేదో ఆట గుర్తొచ్చింది. ఏడాదిగా ఆ గదిలో గెలిచినవాళ్లు ఓడిపోయారు, ఓడినవాళ్లు గెలిచారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేకపోయారు.

"చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పారమ్మా?" అన్నారు నాయుడు గారు మెల్లగా.

"టికెట్ లేకుండా కూర్చోవడం నాకు చేతకాదండీ" అంది మాణిక్యం. ఏమీ పట్టనట్టు సంచీ భుజాన వేసుకుని, "వస్తాను" అని నాకోసం చెయ్యి చాపింది.

నాయుడు గారు నా మీద అరచెయ్యి పెట్టేశారు. వదల్లేదు.

"ఉండండమ్మా. మేం ఇంకా ఏమేం తప్పులు ఆడుతున్నాం?"

"చాలా."

"అయితే చెప్పి వెళ్లండి."

మాణిక్యం గదంతా ఒక్కసారి కలయజూసింది. "నిలబడి చెప్పేవి కావండీ" అంది.

అప్పలస్వామే ముందు లేచి, తను కూర్చున్న కుర్చీని భుజం మీది తువ్వాలుతో దులిపి ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది. నాయుడు గారు కట్ట కలిపి ఆమె చేతికిచ్చి, నన్ను తీసుకెళ్లి ఆమె ముందు పెట్టారు.