పేరు కొట్టమన్నాను

దగ్గరికి జరగండి. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. ఉన్న ఓపికంతా మా ముత్యమ్మ వదిన తినేసింది.

ముత్యమ్మ అంటే మా ఆయనకు అక్క. పదకొండేళ్ళ కింద ఆమె కొడుకు పెళ్ళికి పెద్ద స్టీలు బేసిను పెట్టాను. తొందరలో దాని మీద పేరు చెక్కించలేదు. అంతే, ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్ళతో, "మా మరదలు పెండ్లికొచ్చి బువ్వ తిని పోయింది, సేతిల ఏం వెట్టలే" అంటుంది. అనేది ఆ బేసినులోనే బియ్యం కడుగుతూ! అందుకే కొల్లూరులో ఆమెకు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చి, కొత్తింటి ప్రార్థనకు పిలిచినప్పుడు ఒకటే అనుకున్నాను. ఈసారి ఏం పెట్టినా నా పేరుండాలి.

పటాన్‌చెరు బజారులో గిన్నెల దుకాణానికి పోతే అరగంటలో అయిపోయేది. మనవరాలు నిస్సీ వింటేనా! "రింగు రోడ్డు కాడ పెద్ద షాపుల సేల్ వెట్టిండ్రు నానమ్మా" అని లాక్కుపోయింది.

లోపల చల్లగా ఏసీ. ఒక చెక్క గరిటె పన్నెండు వందలు. గరిటె!

"ఇదే వండి, ఇదే తినిపిస్తదా ఏందే?" అన్నాను.

"జెర మెల్లగ నానమ్మా. ముట్టుకుంటే పైసలడగరు, ముట్టుకో."

నిజం చెప్పాలి కదా, ముట్టుకున్నాను. నీలిరంగు గంజు మూత ఎత్తి పెడితే చప్పుడు లేకుండా కూర్చుంది. మా ఇంట్లో ఏ మూతా దాని గిన్నె మీద సరిగ్గా కూర్చోదు. పదిసార్లు ఎత్తాను, పదిసార్లు పెట్టాను. తేనెరంగు కప్పులైతే చేతిలోంచి దిగనన్నాయి. ధర చూడటం, రంగు నచ్చనట్టు మొహం పెట్టి దించేయడం గంటలో బాగా వచ్చేసింది. కాళ్ళు పీకుతున్నా ఇద్దరం కదల్లేదు.

చివరికి మూల బల్ల మీద, సగం ధరకు, మా చేతికందే ధరలో మందపాటి అడుగున్న స్టీలు గంజు దొరికింది. బిల్లు దగ్గర శ్రావణ్‌కుమార్ అనే అతనికిచ్చాను.

"పేరు కొట్టాలె నాయనా."

"కొడ్త, చెప్పమ్మా."

"సువార్తమ్మ. తప్పు లేకుండ కొట్టు."

బల్ల వెనక వంగి టకటకలాడించాడు. "కొట్టిన అమ్మా" అని రంగు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇప్పటి మిషన్లు ఎంత జల్దీ చెక్కుతున్నాయో అని మురిసిపోయాను.

ప్రార్థన అయ్యాక, అందరి ముందు వదినతో కాగితం విప్పించాను.

"సూడు వదినా, పేరుంది."

ఆమె గంజు బోర్లించింది, మూత తిప్పింది, అద్దాలు తుడుచుకుంది. "ఏది మరదలా? కంపెనీ పేరే ఉన్నది. నువ్వు కంపెనీ ఎప్పుడు వెట్టినవ్?"

గంజులోంచి బిల్లు తీసి నిస్సీ తల కొట్టుకుంది. "నానమ్మా, ఆయన కంప్యూటర్ల కొట్టిండే! నీ పేరు బిల్లు మీదున్నది!"

ఇల్లంతా నవ్వు. సరే, కాగితం మీదైనా ఉందిలే అనుకున్నాను. వదిన ఆ బిల్లు మడిచి భద్రంగా దాచుకుంటే సంతోషించాను కూడా.

ఎందుకు దాచిందో వారానికి వాళ్ళింటికి పోతే తెలిసింది. పేరు చెక్కి ఉంటే ఆ షాపువాళ్ళు గంజు వాపసు తీసుకునేవాళ్ళా? శుభ్రంగా ఉంది కాబట్టి మార్చేసి, తేనెరంగు కప్పులు రెండు తెచ్చుకుంది. ఏ కప్పులు? నా చేతిలోంచి దిగనన్నవే! వాటిలోనే నాకు టీ పోసింది.

"బాగున్నయా మరదలా? నేనే కొనుక్కున్న. కొత్తింటికని ఒక్కలన్న ఏమన్న వెట్టిండ్రా!"

టీ మాత్రం పూర్తిగా తాగే వచ్చాను. ఇప్పుడు బిల్లూ లేదు, గంజూ లేదు. మీరైనా గుర్తుంచుకోండి. ఆమె ఇంటికెళ్ళినప్పుడు ఆ కప్పుల్లో టీ ఇస్తే, మొదటి గుక్కకు ముందే అడగండి, "ఇవి సువార్తమ్మ పెట్టినవి కదా?" అని. గట్టిగా అడగండి, పక్క ఫ్లాటు వాళ్ళకూ వినపడాలి.