గడప లేని వాకిలి

ఇది చిన్న కథ. నోట్లో వేసుకున్న వక్క నానేలోపు అయిపోతుంది. ఒక ఇల్లు, దానికొక వాకిలి, ఆ వాకిలికి లేని గడప, అంతే. అయితే ఆ ఇల్లు ఎక్కడుందో తెలియకపోతే కథ అర్థం కాదు కాబట్టి ముందు మా ఊరు సిరిగేరి గురించి చెప్పాలి. సిరిగేరి గురించి చెప్పాలంటే తిమ్మమ్మ గురించి చెప్పక తప్పదు.

తిమ్మమ్మది మా ఊరి చివరి ఇల్లు. ఆ అరుగు మీద కూర్చుంటే ఊళ్లోకి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, పోదామనుకుని ఆగిపోయినవాళ్లు అందరూ కనిపిస్తారు. తిమ్మమ్మ అబద్ధం చెప్పదు. విన్నదే చెబుతుంది. కాకపోతే కొన్ని సంగతులు జరగకముందే వింటుంది. ఆమె భర్తకు చెవులు వినపడవు. చెవులు పోయిన ఏడు ఆయన దేవుడికి ఏదో మొక్కు తీర్చుకున్నాడట. ఏం మొక్కుకున్నావని ఎవరూ అడగలేదు. అడిగినా ఆయనకు వినపడదు.

ఆ అరుగు మీదినుంచి చూస్తే కాలువ గట్టు, గట్టు పక్కన క్యాంపు కనిపిస్తాయి. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో కోస్తా రైతులు వచ్చి, మావాళ్లు జొన్న వేసుకునే నల్లరేగడి కొన్నారు. మావాళ్లు అమ్మి, ఎవరో పిచ్చోళ్లు దొరికారని నవ్వుకున్నారు. ఆ నేలలో వరి కంకి వంగిన తరువాత నవ్వడం మానేసి, అమ్ముదామన్నది నువ్వంటే నువ్వని అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు. వచ్చినవాళ్లు వేసుకున్న గుడిసెల వరసకే క్యాంపు అని పేరు. అందులో మొదట మట్టిగోడలు లేపి, మిద్దె వేసింది బసవపున్నయ్య, సుబ్బమ్మ. తెనాలి వైపు వాళ్లు. పిల్లలు లేరు.

బసవపున్నయ్య బేరంలో మొండివాడు. సిరుగుప్ప సంతలో ఆయన వంకాయలు బేరమాడితే, అమ్మేవాడు వంకాయలతోబాటు గంప కూడా ఇచ్చేసి ఇంటికిపోయి పడుకునేవాడు. సుబ్బమ్మ పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నవ్వేదో, సిగ్గుపడేదో తెలియదు. ఆమెకు మాటలు తక్కువ.

గోడలు లేచాక వాకిలి చూడటానికి మా బడిగి ఉచ్చెంగెప్పను పిలిచారు. బడిగి అంటే కొయ్యపని చేసేవాడు. ఉచ్చెంగెప్ప నిదానస్తుడు. 'ఎట్లుండావప్పా' అని పొద్దున అడిగితే సాయంత్రం వచ్చి బాగుండానని చెప్పే రకం.

"చూసినందుకేమైనా ఇవ్వాలా?" అన్నాడు బసవపున్నయ్య ముందే.

"సుమ్నే, ఊరికే చూసి చెప్పేదానికి దుడ్డేంది దణీ," అన్నాడు ఉచ్చెంగెప్ప. దణీ అంటే దొర అని. పురికొసతో కొలిచాడు. మజ్జిగ తాగాడు. ఆలోచించడానికని ఇంకో గ్లాసు తాగాడు. చౌకట్టు, తలుపు, గడప అన్నీ కలిపి అరవై రూపాయలన్నాడు. బసవపున్నయ్య యాభై అయిదుకు దించి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక్కడే పొరపాటు జరిగింది. మా వైపు బడిగి మొదట చెప్పే రేటు మర్యాదకు చెప్పేది. దారిన పోయేవాడిని 'అన్నం తిని పోండి' అన్నట్టు. విన్నవాళ్లు 'ఇప్పుడే తిన్నాం' అంటారు. ఎవరూ లోపలికి వచ్చి ఆకు వేయించుకోరు. మాను కోసేనాడు ఒకటి, చౌకట్టు బిగించేనాడు ఒకటి, గడప చెక్కినందుకు ఇంకొకటి ఇవ్వాలని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. బసవపున్నయ్య ఆకు వేయించుకుని కూర్చున్నాడు.

"కోత కూలి వేరే దణీ," అన్నాడు ఉచ్చెంగెప్ప, చౌకట్టు తెచ్చిన రోజు. "ఇనప పట్టీలు వేరే. గడపకు పూలు చెక్కినందుకు వేరే."

"పూలు చెక్కమని నేను చెప్పానా?"

"చెప్పలేదు. పూలు లేని గడప మా బళ్లారి సీమలో యాడుండాది? చూపించు."

"మరి ఆ రోజు అన్నీ కలిపి అని ఎందుకన్నావయ్యా?"

"ఆ పొద్దు నువ్వు మజ్జిగ ఇచ్చినావు. మొగం మీద ఎట్లా చెప్పేది?"

చౌకట్టు గోడలో నిలిచింది. తలుపూ గడపా మాత్రం ఉచ్చెంగెప్ప కొట్టంలోనే ఉండిపోయాయి. సుబ్బమ్మ గోనెపట్టా కట్టి కుక్కలను తోలుకుంటూ కాపురం చేసింది. ఈ తగవు ఊరికి మంచి కాలక్షేపమైంది. క్యాంపువాళ్లంతా ఉచ్చెంగెప్ప దొంగ అన్నారు. మావాళ్లంతా బసవపున్నయ్య పిసినారి అన్నారు. ఎవరికీ నష్టం లేదు.

ఆ వానాకాలం నాట్లు పడుతుండగా బసవపున్నయ్యకు చలిజ్వరం వచ్చి, ఇనప పట్టీల మాట మధ్యలో ఉండగానే చనిపోయాడు. కాలువ అవతల దహనం చేశారు. స్నానాలు చేసి తడిబట్టలతో తిరిగి వచ్చేసరికి ఆయన ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పట్టీలకు ఎంతన్నాడు వాడు?" అన్నాడు.

సుబ్బమ్మ గోడకు ఆనుకుని కిందికి జారింది. తిమ్మమ్మ ఆమె తల తుడుస్తూ, "గడప లేని ఇల్లు కదమ్మా," అంది. "పాపం, దాటిపోయేదానికి ఆయప్పకు ఏముండాది ఈడ?"

అందరూ అవునన్నారు. కెంచనగుడ్డలో ఒకాయన గడపకు చెదలు పట్టి ఇలాగే రెండు పంటలు ఉండిపోయాడు. కొత్త గడప పడిన పొద్దే పోయాడు. పెద్ద విషయమేం కాదు.

బసవపున్నయ్య తినేవాడు కాదు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, చల్లారాక తిరిగి ఇచ్చేవాడు. గోనెపట్టా దాకా నడిచి వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి పోయేవాడు. మిగతాదంతా మామూలే. ఏ మడికి నీళ్లు కట్టాలో మంచం మీదినుంచే చెప్పేవాడు. సుబ్బమ్మ పోయి కట్టేది.

కర్మల రోజు ఆడవాళ్లు సుబ్బమ్మ గాజులు తీయడానికి వచ్చారు. అందరూ కూర్చుని, ఎవరు మొదలుపెడతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, లోపలినుంచి బసవపున్నయ్య గొంతు వినిపించింది. "ఎవరో వచ్చినట్టున్నారు. మజ్జిగ ఇవ్వవే."

"మొగుడు కూకోని మాట్లాడతాంటే గాజులు యా చేత్తో పగలగొట్టేది?" అంది తిమ్మమ్మ. "గడప పడనీ. ఆ పొద్దు చూద్దాం." మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

సుబ్బమ్మ నుదుటి మీద బొట్టు అలాగే ఉంది. అది ఎంతవరకు ఉంటుందో ఆమెకు ఆ రోజే తెలిసింది.

మరుసటి వారం ఉచ్చెంగెప్ప తలుపూ గడపా బండి మీద వేసుకుని వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఎక్కువేం వద్దులే తల్లీ," అన్నాడు. "ఆ పొద్దు చెప్పిందే ఇయ్యి. దణిని దాటి పోనీ."

సుబ్బమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. "అలా ఎలా కుదురుతుంది?" అంది. "పట్టీలకు నువ్వడిగింది అన్యాయం. అడిగి వదులుకోవడం ఇంకా అన్యాయం. లెక్క తేలాలి. తేలేదాకా గడప నీ దగ్గరే ఉండనీ."

ఉచ్చెంగెప్ప ఆమెను చూశాడు. బొట్టు చూశాడు. ఆమె వెనకాల, మంచం మీద మనిషిని చూశాడు. ఎద్దులు కూడా విసిగి తలలు తిప్పాయి. చివరికి, "అట్లయితే," అన్నాడు మెల్లగా, "ఇప్పుడు బండి బాడుగ కూడా వేరే తల్లీ."

"ఇవ్వను," అంది సుబ్బమ్మ. ఆ మాట చెబుతూ ఆమె కళ్లు తుడుచుకోవడం తిమ్మమ్మ అరుగు మీదినుంచి చూసింది. బండి బాడుగకే ఏడ్చిందని ఊరంతా చెప్పింది.

అప్పటినుంచి ప్రతి సంతనాడు ఉచ్చెంగెప్ప ఒక కొత్త ఖర్చు కనిపెట్టుకుని వచ్చేవాడు. వానకు కొయ్య ఉబ్బింది, మళ్లీ చిత్రిక పట్టాలి. గడపను కుక్కలు ఎక్కకుండా కాపలా ఉన్నందుకు వేరే. సుబ్బమ్మ ఒక్కొక్కటే కాదనేది. లోపలినుంచి బసవపున్నయ్య అందుకునేవాడు.

"కుక్కలు సరే. నీ మేక మా గడప మీదే పడుకుంటోందట కదయ్యా. దానికి బాడుగ ఎవరిస్తారు?"

"మేక పడుకుంటే కొయ్య నునుపెక్కుతాది దణీ. దానికి నువ్వే ఇయ్యాల."

బసవపున్నయ్య మంచం పట్టె కొట్టి నవ్వేవాడు. బతికున్న రోజుల్లో ఆ ఇంట్లో అంత నవ్వు ఎవరూ వినలేదు. ఉచ్చెంగెప్ప వెళ్లిపోయాక సుబ్బమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, వచ్చే సంతకు వాడు ఏమడుగుతాడో అని ఆయనతో పందెం వేసేది. ఆమెకు అన్ని మాటలు వచ్చని ఆయనకూ అప్పుడే తెలిసింది.

దాంతో ఉచ్చెంగెప్పకు పేరు పోయింది. చచ్చినవాడి దగ్గర కూడా పీక్కు తినే బడిగి అని అవతల బండ్రి ఊరి దాకా పాకింది. నాగళ్ల పని, బండ్ల పని వేరేవాళ్లకు పోయింది. తిమ్మమ్మే ఒకరోజు మొహం మీద అడిగింది. "ఏందప్పా ఉచ్చెంగీ, ఆ ముసలామె ఉసురు ఎందుకు పోసుకుంటాండావు?"

"ఆశ అక్కా," అన్నాడు ఉచ్చెంగెప్ప. "దుడ్డు మీద ఆశ."

తిమ్మమ్మ నమ్మింది. చెడ్డమాట ఎవరు ఎవరి గురించి చెప్పినా ఆమె నమ్ముతుంది. ఆయన తన గురించి తానే చెప్పుకున్నాడు కాబట్టి ఇంకా బాగా నమ్మింది.

వరి కోతలయ్యాక బసవపున్నయ్య చెల్లెలు సరోజినీదేవి తెనాలినుంచి వచ్చింది. కలిగిన ఇంటి మనిషి, చాలా మంచిది. మంచివాళ్లు వస్తే ఏ పనీ ఆగదు. అన్నను చూసి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

"నాలుగు డబ్బుల కోసం మనిషిని ఇలా కట్టి పడేస్తావా వదినా? అన్నయ్యకు దారి ఇవ్వొద్దూ?"

"వాడు అడిగేది న్యాయంగా లేదమ్మా," అంది సుబ్బమ్మ.

సరోజినీదేవి తానే ఉచ్చెంగెప్ప కొట్టానికి వెళ్లి, మొత్తం ఎంతని అడిగింది. ఉచ్చెంగెప్ప భయపడి, ఇంతవరకు అడిగినదానికి మూడింతలు చెప్పాడు. ఆమె బేరమాడలేదు. సంచీ తీసి మేక ముందరే లెక్కపెట్టి ఇచ్చింది. ఉచ్చెంగెప్ప బతుకులో అడిగినంతా ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు ఉచ్చెంగెప్ప ఇంట్లో పొయ్యి వెలగలేదు.

శుక్రవారం పొద్దున గడప పడింది. ఉచ్చెంగెప్ప ఎంత నిదానంగా చేసినా పని పని కాబట్టి అయిపోయింది. బయట సరోజినీదేవి, తిమ్మమ్మ, క్యాంపు ఆడవాళ్లు నిలబడ్డారు. ఒకామె చేతిలో తెల్లచీర ఉంది. లోపల ఇద్దరే ఉన్నారు. సుబ్బమ్మ వంగి గడపకు పసుపు పూసి, చెక్కిన పూల మీద కుంకుమ బొట్లు పెట్టింది. బసవపున్నయ్య మంచం దిగి పంచె సర్దుకున్నాడు.

ఉచ్చెంగెప్ప ఉలి తుడుచుకుంటూ చెప్పాడు. "ఒక మాట. మనిషి నిలిచిపోయిన ఇంట్లో కొత్త గడప ఒక్కరినే పంపుతాది. ముందు ఎవరు దాటితే వాళ్లు పోతారు. ఆ తర్వాత అది ఉత్త కొయ్య. అందుకే దణి దాటేదాకా ఎవరూ కాలు పెట్టొద్దండి." ఇది చెప్పడం బడిగి విధి. చెబుతున్నప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

"రా అన్నయ్యా," అంది సరోజినీదేవి.

బసవపున్నయ్య వాకిలి దాకా వచ్చి నేల వైపు చూసుకున్నాడు. "నా చెప్పులేవే?"

"బయట ఉన్నాయి," అంది సుబ్బమ్మ. "ఉండండి, తెస్తాను."

కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది.

చెప్పులు తిమ్మమ్మ కాళ్ల దగ్గరే ఉన్నాయి. సుబ్బమ్మ వాటి పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది. కాలువ గట్టెక్కి నీళ్లు పోయే వైపు నడిచింది. పోయేవాళ్లను వెనకనుంచి పిలవకూడదు కాబట్టి ఎవరూ పిలవలేదు. మలుపు దాకా కనిపించింది. ఆ తరువాత గట్టు మాత్రమే కనిపించింది.

"ముత్తైదువగా పోయింది," అంది తిమ్మమ్మ, కొంత అసూయతోనే. చీర తెచ్చినామె దాన్ని మడిచి ఇంటికి పట్టుకుపోయింది. సుబ్బమ్మ మరిచిపోయి దాటిందా, తెలిసే దాటిందా అని మా ఊళ్లో ఇప్పటికీ వాదించుకుంటారు. ఉచ్చెంగెప్ప ఆ వాదనలో కూర్చోడు.

బసవపున్నయ్య కాసేపు లోపలే నిలబడ్డాడు. తరువాత కాలు పెట్టి చూశాడు. గడప ఆయనను ఆపలేదు, ఎక్కడికీ పంపలేదు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుని, మళ్లీ లోపలికి పోయాడు.

ఆయన ఇప్పటికీ ఉన్నాడు. సేద్యం చేసుకుంటాడు. సంతలో ఎవరెంత చెబితే అంత ఇచ్చి వస్తాడు. శుక్రవారం గడపకు పసుపు తానే పూస్తాడు.