ఆగయ్య పేరున నాలుగు దుకాణాలు

అసలు ఆ రోజు బండి దగ్గర సెనగపిండి లోచో తిన్నాక చెయ్యి కడుక్కున్నానా, కడుక్కోలేదేమో, ఎందుకంటే ఆగయ్య బొటనవేలు పట్టుకుని సిరామెత్త మీద ఒత్తినప్పుడు జారింది, లోచో మీద పోసిన నూనెకి జారింది, కాగితం మీద అలికినట్టయితే రిజిస్ట్రేషన్ గుమాస్తా విసుక్కుని రెండోసారి వేయించాడు, ఆరేళ్ళయినా ఆ జారుడు నా వేళ్ళు మర్చిపోలేదు, ఇప్పుడు అదే బొటనవేలు సూరత్ ఇన్‌కంటాక్స్ ఆఫీసు మూడో అంతస్తులో, నా పక్కన బెంచీ మీద, నీలం ప్లాస్టిక్ సంచి పిడిని మెలితిప్పుతోంది, గోరు చుట్టూ ఊదారంగు, పాండేసర మిల్లులో అద్దకం రంగు, ఏ సబ్బుకీ పోదట, చొక్కాలోంచి కూడా ఆ మిల్లు వాసనే, తడిగుడ్డ, ఘాటు మందులు, బొగ్గు పొగ, ముఖం పక్కకి తిప్పుకున్నాను, తిప్పుకున్నందుకు నామీద నాకే రోత పుట్టింది, అతని వాసన రాత్రి షిఫ్టుది, మరి నాది, అడాజన్ ఫ్లాట్‌లో వేన్నీళ్ళు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండో పార్కింగ్‌లోంచి కారు తీసుకుని వచ్చిన నాది దేని వాసన.

రెండో పార్కింగ్, దాని సంగతి తర్వాత, ముందు ఈ సంచి, ఇందులో ఆగయ్య ఆధార్, పాన్ కార్డు, మిల్లు గేటు పాసు, నలభై రోజుల కిందట వచ్చిన నోటీసు ఉన్నాయి, నోటీసు ఇంగ్లీషులో ఉంది కాబట్టి బ్యాంకు వాళ్ళదేమో అనుకుని బియ్యం డబ్బాలో దాచాడు, చివరికి ఆదివారం తెలుగు సంఘం హాలుకి పట్టుకొచ్చాడు, ఆ రోజు వేలు పెట్టించిన సారు నేనేనని అతనికి గుర్తే, అక్కడ ప్రతి ఆదివారం నేను కుర్చీ వేసుకుని మిల్లు వాళ్ళకి ఫారాలు నింపుతాను, బ్యాంకు ఆఫీసరు లక్ష్మీపతి గారు ఎంత ఓపికో అంటారు అందరూ, ఆ మాట వినడానికే వెళ్తానేమో, నోటీసు విప్పి చదివాను, అడాజన్‌లో మీ పేరున ఉన్న నాలుగు దుకాణాలు ఏ ఆదాయంతో కొన్నారో చెప్పండి అని ఉంది, తెలుగులో చెప్తే ఆగయ్య నవ్వాడు, నాకు నాలుగు అంగీలు గూడ లెవ్వు సార్, నాలుగు దుకాన్లెక్కడియి అన్నాడు, పక్కనే భార్య గంగవ్వ నవ్వలేదు, జైలు గిట్ల ఏమన్న ఉంటదా సారూ అని అడిగింది, ఉంటుంది, బినామీ అని తేలితే పేరు ఇచ్చినవాడికి కూడా ఏడేళ్ళ దాకా ఉంటుంది, నేను మాత్రం ఏం కాదు అన్నాను, ఏం కాదు, నా నోటికి బాగా అలవాటైన మాట, అందుకే ఇవాళ ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని వచ్చారు, అఫ్సర్ల ముందల హిందీ మాట్లాడరాదు, మీరుంటే మాకు ధైర్యం అని, గంగవ్వ ఒళ్ళో స్టీలు డబ్బా కూడా ఉంది, నా కోసం సర్వపిండి చేసి తెచ్చిందట, అందులోంచి నువ్వుల వాసన, ఒక్క ముక్క తినే ముఖం కూడా లేదు నాకు.

ధీరేన్‌భాయ్ ఫోను చేసింది కూడా ఇలాంటి పొద్దుటి పూటే, బిల్డరు, మా బ్రాంచికి పెద్ద ఖాతాదారు, మా ఫ్లాటూ అతను కట్టినదే, సాహెబ్, మీ తెలుగువాడొకడు ఉన్నాడు, మాకు భాష అందట్లేదు, అరగంట వచ్చి కాగితం సంగతి చెప్పండి, ఈ మనిషి నాకు తెలుసని ఒక సంతకం పెట్టండి అన్నాడు, వెళ్ళాను, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు లోచో బండి దగ్గర ధీరేన్‌భాయ్ లెక్కలు రాసే మునీమూ, పక్కన బిక్కుబిక్కుమంటూ ఒక సన్నటి మనిషీ, రోజు కూలి ఇస్తామని మిల్లులోంచి పట్టుకొచ్చారు, భోంచేశావా అని తెలుగులో అడిగాను, అంతే, ఆ ముఖం విచ్చుకున్న తీరు, మీరు మనోళ్ళా సార్ అన్నాడు, జగిత్యాల పక్కన ఊరు అన్నాడు, ఊరి పేరు కూడా చెప్పాడు, నేను గుర్తుపెట్టుకోలేదు, లోచో తినే పది నిమిషాలే మా పరిచయం, తర్వాత లోపలికి వెళ్ళి ఈ మనిషిని నేను స్వయంగా ఎరుగుదును అనే మాట కింద కె.ఎల్. పతి అని సంతకం పెట్టాను, మా ఫ్లాటు అప్పటికింకా పూర్తికాలేదు, ఉంటున్న బ్యాంకు క్వార్టర్స్ చిరునామా రాశాను, సాక్షి కార్డు నకలు ఏదీ అని గుమాస్తా అడిగితే మునీము నవ్వి భుజం తట్టాడు, గుమాస్తా కూడా నవ్వాడు, ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ మెడ మీద ఏదో పాకినట్టుంటుంది, ఆ నవ్వుల్లో మూడోది నాది.

అక్కడికి నాకేమీ తెలియదనుకుంటే సుఖం, కానీ పన్నెండేళ్ళు సూరత్‌లో ఉన్నవాణ్ణి, హిందీలా పైన గీత ఉండని గుజరాతీ అక్షరాలు దుకాణాల బోర్డుల మీద చదివి చదివి నేర్చుకున్నవాణ్ణి, మొదటి పేజీలో కొనేవాడి దగ్గర ఆగయ్య పేరు, తండ్రి పేరు, ఫొటో, కింద నాలుగు దుకాణాల నెంబర్లు, చదివాను, అన్నీ చదివాను, అప్పుడే ఆగయ్య వంగి గిదేంది సార్ అని అడిగాడు, నువ్వుండే ఖోలీ కాగితాలు, ఏం కాదు, వేలు పెట్టు అన్నాను, ఖోలీ అనమని నాకెవరు చెప్పారు, ధీరేన్‌భాయ్ చెప్పలేదు, మునీము చెప్పలేదు, సంఝా దో, అర్థమయ్యేట్టు చెప్పు అన్నాడంతే, ఎనిమిది మంది వంతులేసుకుని పడుకునే ఆ గది మాట నేనే వెతికి తీశాను, అతను నమ్మే అబద్ధం ఏదో నాకే తెలుసు కనక, నాకు దస్కత్ వస్తది సార్, రాత్రి బడిల నేర్సుకున్న అని గర్వంగా చెప్పాడు, వద్దులే, వేలు చాలన్నారు అని చెయ్యి పట్టుకున్నాను, ఆ వారమే మా ఫ్లాటుకి లిఫ్టు పక్కన రెండో పార్కింగ్ రాసిచ్చారు, నేను అడగలేదు, ఎందుకిచ్చారనీ అడగలేదు, మా ఆవిడ ధీరేన్‌భాయ్ ఎంత మంచివాడో అంది.

పిలుపొచ్చింది, లోపల చిన్న గది, ఏసీ చల్లదనంలో ఆగయ్య చొక్కా వాసన ఇంకా గట్టిగా కొడుతోంది, ఆఫీసరు మేడమ్‌కి ముప్ఫై దాటవు, ముక్కు మూసుకోలేదు, నాకంటే నయం, కంప్యూటర్ తెర మా వైపు తిప్పి హిందీలో చెప్పుకుపోతోంది, రిజిస్ట్రేషన్ కాగితం, పాన్ కార్డు, మునిసిపాలిటీ పన్ను అన్నీ ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తున్నారట, ఏ గోడ ఎవరి పేరున ఉందో మీట నొక్కితే తెలుస్తుందట, ఒకే బిల్డరు చుట్టూ పదకొండు దస్తావేజులు తేలాయి, ఒక వంటవాడు, ఒక వాచ్‌మన్, ఒక ముసలామె, ఈ ఆగయ్య, పేరు దొరకడం తేలికైంది సార్, ఆ పేరు వెనక ఎవరున్నారో రాయడానికి మాత్రం ఈ రిజిస్టరులో గడి లేదు, అది మనుషులే చెప్పాలి అంది, మిగతా పదింటికీ సాక్షులు బిల్డరు నౌకర్లే, నోరు విప్పరు, ఈ ఒక్క దస్తావేజులోనే బయటివాడున్నాడు, కె.ఎల్. పతి, సమన్లు పంపితే ఆ చిరునామాలో లేడని తిరిగొచ్చాయి, మీరు తెలుగు సంఘంలో ఉన్నారుగా, ఎప్పుడైనా విన్నారా ఈ పేరు, అని నా కళ్ళలోకి చూసింది, ఆమె కాగితం మీద నేను దుబాసీని, లక్ష్మీపతిని, కనుక్కుంటాను మేడమ్ అన్నాను, చూడు, ఇప్పటికీ ఎంత నున్నగా జారుతోందో నా నోరు, లోచో నూనె నా చేతికి కాదు, నాలుకకి అంటుకుంది.

సరే, ఇతన్ని అడగండి, ఆ కాగితం ఏమిటని ఇతనికి ఎవరు చెప్పారు, అంది మేడమ్, అడిగాను, పొల్లుపోకుండా తెలుగులోకి మార్చి అడిగాను, ఆగయ్య నా వైపు చూశాడు, ఆ చూపులో నిందేమన్నా ఉంటే ఎంత బాగుండేది, గొంతు తగ్గించి యాదికి లేదని చెప్పుండ్రి సార్ అన్నాడు, మీ పేరెందుకు ఇండ్ల, మిమ్ముల గూడ మోసం చేసిండ్రు ఆ సేట్లు, మాకోసం వస్తే మీ నౌకరి మీదికి తెస్తమా అన్నాడు, గంగవ్వ ఊరుకోలేదు, గట్లంటే నిన్ను తీస్కపోతరు, ఆయన చెప్పిండనే గద ఏలు పెట్టినవ్ అంది, ఊకో, సారు లేకుంటే ఈ ఊర్ల మన మాట చెప్పేటోడెవడే అన్నాడు ఆగయ్య, గంగవ్వ స్టీలు డబ్బా ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టేసింది, ఏమంటవ్ సారూ అంది నాతో, మేడమ్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది, క్యా బోలా ఇన్హోనే.

క్యా బోలా, యాద్ నహీ అని బోలా, రెండు మాటలు, అతను చెప్పమన్నవే, ఒక్క అక్షరం తేడా లేని అనువాదం, ఎవరూ తప్పు పట్టలేరు, ఆ రోజు తప్పుగా చెప్పి ఇతన్ని దుకాణాల యజమానిని చేశాను, ఇవాళ సరిగ్గా చెప్పి జైలుకి పంపొచ్చు, సాయంత్రానికి రెండో పార్కింగ్‌లో కారు పెట్టుకోవచ్చు, ఆదివారం కుర్చీ వేసుకుని ఫారాలు నింపొచ్చు, ఎంత ఓపికో అనిపించుకోవచ్చు, దస్తావేజు నకలు నా వైపు లాక్కున్నాను, ఆ చివరి సంతకం నాది మేడమ్ అన్నాను, కె.ఎల్. పతి నేనే, ఖోలీ కాగితమని చెప్పిందీ నేనే, నన్ను పిలిపించింది ధీరేన్‌భాయ్, ఆమె పెన్ను ఆగింది, దుబాసీ అన్న మాట కొట్టేసింది, కొత్త కాగితం తీసింది, మీరు ఆ కుర్చీలో కూర్చోండి అంది, ఇంత తేలికా, హిందీలో ఒప్పుకోవడం ఇంత తేలికా, ఫారం నింపినట్టే ఉంది, ఉద్యోగం పోతుందేమో, ఫ్లాటు సంగతీ తవ్వుతారేమో, అయినా ఆ నూనె జిడ్డు పోలేదు, ఎందుకు పోలేదు అనుకుంటుంటే ఆగయ్య ముందుకు వంగాడు, మా ఆఫీసు హిందీ సరిగ్గా అర్థం కాలేదతనికి, అప్పటిలాగే నమ్మకంగా నా ముఖంలోకి చూస్తున్నాడు, ఏం చెప్పిండ్రు సార్, అంతా మంచిదేనా, ఏం కాదు అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది, పళ్ళతో పట్టి ఆపాను, అప్పుడు తెలిసింది, ధీరేన్‌భాయ్‌కి ఆ రోజు కావాల్సింది నా సంతకం కాదు, సంతకానికి అతనికి నౌకర్లు చాలామంది ఉన్నారు, కావాల్సింది నా తెలుగు, దాన్ని లిఫ్టు పక్కన కారు పట్టే జాగాకి ఇచ్చేశాను, మేడమ్‌కి చెప్పాల్సింది చెప్పేశాను కానీ అసలు చెప్పాల్సింది ఈ మనిషికి, ఈ భాషలో, అది ఇంకా మొదలే పెట్టలేదు, ఆ ఊదారంగు బొటనవేలు వైపు చూస్తూ చెప్పాను, అది ఖోలీ కాగితం కాదు ఆగయ్యా, నన్నెవరూ మోసం చెయ్యలేదు, నాకు ఆ రోజే తెలుసు.