తోక మీద పేరు

కొండాపూర్‌లోని ఒక ప్రైవేటు బడికి కరస్పాండెంటు వెంకటనారాయణ గారు. సైన్సు గదిని ఖాళీ చేయించి అందులో కంప్యూటర్లు పెట్టించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. బడి వెనక గుట్టల అవతల హైటెక్ సిటీ గుండ్రటి మేడ లేచి కొన్ని నెలలే అయింది. దాని అద్దాల మీద ఎండ మెరిసినప్పుడల్లా ఊళ్ళో ఇంకో తండ్రి తన పిల్లవాణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాలని తీర్మానించుకునేవాడు. మావాడికి కప్పను కోయడం నేర్పండి అంటూ వచ్చే తండ్రి ఒక్కడూ మిగల్లేదు.

సైన్సు మాస్టరు వీరేశం ఈ కబురు ఇంటికి మోసుకొచ్చేసరికి అతని భార్య కనకలక్ష్మి చేటలో బియ్యం ఏరుతోంది. కబురంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి అస్థిపంజరం?"

"ఏ అస్థిపంజరం?"

"మీ గదిలది. మూలకు నిలబెట్టిన్రు గద."

"ఇంటికే తెస్త. అస్థిపంజరం, సీసాలల్ల పాములు, ఆ పెద్ద తరాజు, అన్నీ. ఎన్నేండ్ల సంది జమ చేసిన! పాత సామానోనికి ఎయ్యాల్నా?"

"ఏడ పెడ్తరు?"

వీరేశం ఇల్లంతా కలయజూశాడు. దానికి ఎంతోసేపు పట్టలేదు, రెండు గదుల కిరాయి ఇల్లు. "అమ్మ మంచం పక్కన జాగ ఉన్నది."

మంచం మీద పడుకున్న అతని తల్లి లచ్చమ్మ కళ్ళు తెరవకుండానే అన్నది: "నేనింక సావనే లేదు కొడుకా, అప్పుడే జోడు తెస్తున్నవా?"

ఆ క్షణం నుంచి సైన్సు గదిని కాపాడడం కనకలక్ష్మి సొంత పని అయింది. విజ్ఞానశాస్త్రం మీద ఆమెకు గౌరవం లేకపోలేదు, అది బడిలో ఉన్నంత వరకు.

కరస్పాండెంటు గారు ఒక దారి వదిలిపెట్టారు. "ఫిబ్రవరి నెలాఖరున సైన్సు డే వస్తుంది కదండీ మాస్టారూ. తల్లిదండ్రులందరూ తలెత్తి చూసేలా ఏదన్నా చేసి చూపించండి. చూస్తే గది మీదే. లేదంటే వేసవి సెలవుల్లో కంప్యూటర్లు దిగుతాయండి," అన్నారు. తలెత్తి అన్న మాటను వీరేశం ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడు. రాకెట్టు చేస్తానన్నాడు. ఉత్త రాకెట్టు ఏ దీపావళికైనా చూసేదే కాబట్టి, దాని వీపు మీద ఒక చిన్న గ్లైడర్ ఎక్కుతుందన్నాడు. మందు మండినంతసేపూ రాకెట్టు దాన్ని పైకి తోసుకుపోతుంది. మందు అయిపోయి రాకెట్టు జోరు తగ్గగానే గ్లైడర్ కొక్కెం జారి విడిపోతుంది. ఆ తర్వాత అది గద్దలాగా చక్కర్లు కొడుతూ నిదానంగా దిగుతుంది. చెప్పడానికి ఎంతో బాగుంది.

భార్యాభర్తలిద్దరూ ఒకే కాలేజీలో ఫిజిక్సు చదివారు. మార్కులు ఆమెకే ఎక్కువ వచ్చాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా అందరికీ గుర్తుంటుంది.

రాకెట్టు గొట్టాన్ని అప్పడాల కర్రకు చార్టు కాగితం చుట్టి చేశారు. దాని కింది రెక్కలు పాత శుభలేఖల అట్టలు. లోపల దీపావళికి మిగిలిన పెద్ద తారాజువ్వ. గ్లైడర్‌కు బల్సా చెక్క కావాలని వీరేశం సికింద్రాబాద్‌లో ఎన్‌సీసీ పిల్లలకు విమానాల బొమ్మలు నేర్పే ఒకాయన్ని పట్టుకున్నాడు. ఆ చెక్క చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తడిమి చూసుకోవాలి, అంత తేలిక. దాన్ని బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అతికించే పని కనకలక్ష్మికి వచ్చింది. వివరించే పని వీరేశం చేశాడు.

గ్లైడర్ లేకుండా మొదట వదిలిన రాకెట్టు పైకి పోవడం మాని అడ్డంగా పోయి, పక్కింటి ఐలయ్య బర్రెల మీదుగా దూసుకెళ్ళింది. ఆ భయానికే బర్రె పాలు పలచబడ్డాయని ఐలయ్య ఇప్పటికీ చెబుతాడు. అంతకుముందు ఎందుకు పలచగా ఉండేవో చెప్పడు. రెక్కలు సరిచేశాక రాకెట్టు తిన్నగానే పోయింది. గ్లైడర్‌ను విడిగా బడి మైదానంలో చేత్తో విసిరి చూస్తే, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెల్లగా జారుకుంటూ వెళ్ళి గడ్డి మీద వాలింది. వరండాలో నిలబడి చూస్తున్న వెంకటనారాయణ గారి మనసు కరిగిపోయింది.

"అద్భుతమండీ మాస్టారూ. దీని మీద నాన్నగారి పేరు వేయించండి."

ఆ బడిలో ఆయన తండ్రి పేరు లేని వస్తువు లేదు. గుడిలో ఫ్యాను ఇచ్చినవాళ్ళు రెక్కల మీద పేరు రాయించుకున్నట్టే, ఇక్కడ ఫ్యాన్ల మీద, మంచినీళ్ళ డ్రమ్ము మీద, గంట మీద కూడా 'కీ.శే. గుండవరపు వెంకట విశ్వేశ్వరరావు గారి జ్ఞాపకార్థం' అని ఉంటుంది. గ్లైడర్ మీద రాయడానికి బోరబండ నుంచి బోర్డులు రాసే పెయింటరు వచ్చాడు. రెక్కలు సన్నం, అక్షరాలు పట్టేంత వెడల్పు తోక పలకల మీదే ఉంది. తెల్ల ఎనామిల్ రెండు పూతలు వేసి, మీద ఎర్రక్షరాలు రాసి, వాటికి నల్లనీడ కూడా దిద్దాడు. అరటిపండు తొక్క అంత లేని తోక మీద ఆ పేరంతా పట్టించడం అతని పనితనమే.

సైన్సు డే నాడు పొద్దున కనకలక్ష్మి వడియాలు ఆరబెట్టడానికి డాబా ఎక్కుతూ గ్లైడర్‌ను కూడా పట్టుకెళ్ళింది. చేతిలోకి తీసుకున్నప్పుడే ఆమెకు అనుమానం తగిలింది. పాత బొంత పరిచి, మెల్లగా విసిరింది. గ్లైడర్ ముక్కు పైకెత్తింది. గాలిలో ఒక క్షణం నిలబడింది. తర్వాత కుర్చీ లేని చోట కూర్చోబోయిన మనిషిలాగా తోక మీద కూలబడింది.

మళ్ళీ విసిరింది. మళ్ళీ అంతే.

ఆమె కిందికెళ్ళి చపాతీ పిండిలోంచి చిటికెడు తెచ్చింది. ఉండ చేసి ముక్కుకు అంటించి విసిరింది. కొంచెం నయం. ఇంకాస్త కలిపి బఠానీ అంత చేసింది. ఈసారి గ్లైడర్ బుద్ధిగా డాబా దాటుకుంటూ పోయి పిట్టగోడకు తగిలి ఆగింది.

"ఏందే, పొద్దుగాల్నే ఆటలు?" మెట్ల మీద లచ్చమ్మ.

"తోక బరువైంది అత్తమ్మా. పేరు బరువు. ముక్కుకు బరువు పెడితేనే ఎగుర్తది."

"వానికి చెప్పు మరి."

"చెప్తే ఇంటరా?"

లచ్చమ్మ ఆలోచించింది. కొడుకును కన్నది ఆమే. "ఇనడు," అని ఒప్పుకుంది.

అయినా కనకలక్ష్మి చెప్పింది. వీరేశం అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. "రంగు ఆరినంక ఏం బరువుంటది కనకం? మొన్న మైదానంల చూడలేదా ఎట్ల పోయిందో? బ్యాలెన్సు నేను లెక్క కట్టి పెట్టిన. చూడు, గురుత్వ కేంద్రం అంటే..." అంటూ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అతనికి ఎదురు చెప్పిన ప్రతిసారీ ఆమె తొమ్మిదో తరగతికి వెళ్ళి కూర్చోవాల్సి వస్తుంది. మాట్లాడుతూనే అతను గ్లైడర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. "ఏంది ఇది? పిండి అంటింది. వంటింట్ల పెట్టకుమంటె ఇనవు," అని ముక్కు మీది పిండిని జేబు రుమాలుతో శుభ్రంగా తుడిచేశాడు.

కనకలక్ష్మి గంధపు చెక్క, సాన సంచిలో వేసుకుంది.

బడి మైదానంలో ఒక పక్క వేదికకు షామియానా వేశారు. తల్లిదండ్రులు దాని బయట కుర్చీల్లో కూర్చుని విసనకర్రల్లాగా ఆహ్వానపత్రాలు ఊపుకుంటున్నారు. మైదానం మధ్యలో ఇనుప ఊచకు రాకెట్టు, దాని ముందు బల్ల మీద గ్లైడర్. వెంకటనారాయణ గారు కొబ్బరికాయతో వచ్చేసరికి వీరేశం మొహం మాడింది.

"సైన్సు డే నాడు కొబ్బరికాయ ఏంది సార్? పిల్లలకు మనం నేర్పేది ఏంది?"

"మీ రాకెట్టుకు వద్దంటే మానేద్దును మాస్టారూ. కానీ నాన్నగారి పేరుందండి దాని మీద," అన్నారాయన. ఆ మాటకు ఏ శాస్త్రంలోనూ జవాబు లేదు. "ఎవరన్నా ముత్తైదువ వచ్చి బొట్టు పెట్టండమ్మా."

కనకలక్ష్మి అప్పటికే బల్ల దగ్గర ఉంది. సాన మీద తీసిన గంధాన్ని చిక్కగా ముద్ద చేసి ముక్కుకు పెట్టింది. దాని మీద కుంకుమ అద్దింది. గంధం ఆరితే బరువు తగ్గుతుందని తలచి ఇంకొంచెం పెట్టింది.

"ఎంత పెడ్తవు?" అన్నాడు వీరేశం పళ్ళ బిగువున.

"దేవుని పని. లెక్క చూస్తరా?"

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ ఒకరు బొట్టు పెడితే చూస్తూ ఊరుకునే ఆడవాళ్ళు ఆ జిల్లాలో లేరు. కరస్పాండెంటు గారి భార్య వసంత లేచి వచ్చింది. ఆమె వేలు ముక్కు వైపే పోవడం చూసి కనకలక్ష్మి, "రెక్కల నడుమ పెట్టండి అక్కా, గుండె ఉండేది అక్కడే," అంది. వసంత సంతోషంగా నడుమనే పెట్టింది. నడుమ పెడితే ఎటూ మొగ్గదు. వెనకాల వచ్చిన వాళ్ళందరికీ గుండె అక్కడే చూపించింది.

ఇంతలో లచ్చమ్మ వచ్చింది. కోడలికి సాయం చెయ్యాలని పొద్దుటి నుంచి కాచుకుని ఉన్న మనిషి. పసుపు ముద్దను రేగుపండంత చేసి, కనకలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టేలోపల ముక్కుకు గట్టిగా అదిమి, ఇగ ఫికరు లేదన్నట్టు కోడలి వంక చూసింది.

ఇప్పుడు ముక్కు బరువు. ఇట్లాగే వదిలితే బాయిలో పడ్డ బొక్కెనలాగా సీదా కిందికి వస్తుంది. ఇంతమంది ముందు, పెట్టిన పసుపును తుడిచేసే ధైర్యం కనకలక్ష్మికి లేదు. గ్లైడర్ పడినా మాట రాదు, పసుపు తుడిస్తే ఊరంతా మాటే. అరచేతిలో కొబ్బరిచిప్ప పట్టుకున్న కరస్పాండెంటు గారి మీదికి ఆమె చూపు పోయింది.

"సార్, మీరు పెట్టలేదు. పెద్దాయన పేరు మీద మీ చేత్తో గంధం పెడితే బాగుంటది."

ఆయన కళ్ళు చెమర్చాయి. "నిజమేనమ్మా, నాకే తోచలేదు," అని తోక మీద తండ్రి పేరు పక్కన గంధం పెట్టారు. తోక దూరంగా ఉంటుంది, అక్కడ కొంచెం పెట్టినా ముక్కు దగ్గరి ముద్దకు సమాధానం చెబుతుంది. "కుంకుమ గూడ సార్." కుంకుమ పెట్టారు. కనకలక్ష్మి గ్లైడర్‌ను రెక్కల కింద రెండు వేళ్ళతో ఎత్తి, కళ్ళకద్దుకున్నట్టు ఒక క్షణం నిలబెట్టి చూసింది. ముక్కు ఇంకా వాలుతోంది. "రెండక్షింతలు గూడ తోకకే అంటించండి సార్." అంటించారు. ఈసారి వేళ్ళ మీద సమంగా నిలిచింది. అప్పుడు తీసుకెళ్ళి భర్త చేతికిచ్చింది.

వీరేశం దాన్ని చూసిన చూపు, పెళ్ళికి ముస్తాబు చేసిన మేకను చూసినట్టుంది. కొక్కేనికి తగిలించి, పొడుగాటి అగరుబత్తితో ఒత్తి అంటించి వెనక్కి పరుగెత్తాడు.

రాకెట్టు సుయ్యిమని లేచింది. అందరూ తలెత్తారు. పొగ తీగ చివర మందు అయిపోయింది, రాకెట్టు మెల్లబడింది, దాని వీపు మీంచి తెల్లని ముక్క ఒకటి జారి విడిపోయింది. కనకలక్ష్మి కొంగు చివరను పిడికిట్లో నలుపుతోంది. అంత ఎత్తున ముక్కు లేస్తుందా, పడుతుందా తెలియదు. లేవలేదు. పడలేదు. గుట్టల మీదుగా వెళ్ళి, అద్దాల మేడ వైపు కొంత దూరం పోయి, గాలికి మెల్లగా వంగి, బడి వైపే తిరిగి వచ్చింది. చక్కర్లు కొట్టింది. కుర్చీల్లోని వాళ్ళు మెడలు తిప్పలేక లేచి నిలబడ్డారు. చాలాసేపటికి, ఎవరో పరచి పెట్టినట్టున్న షామియానా మీద తేలిగ్గా వాలింది.

పిల్లల కేకల మధ్య వెంకటనారాయణ గారు మైకు పట్టుకున్నారు. "సైన్సు గది ఎక్కడికీ పోదండి. దానికి నాన్నగారి పేరే పెడతాం. కంప్యూటర్లు నా గదిలోకి పోనివ్వండి. ఏటా ఇదే రోజున ఇట్లాగే పూజ చేసి..." పూజ దగ్గరే వీరేశం మొహం మళ్ళీ మాడింది.

ఇంటికి ముగ్గురూ నడిచే బయల్దేరారు. లచ్చమ్మ చేతిలో కొబ్బరిచిప్ప.

"అందరు బొట్టుతోని ఎగిరిందనుకుంటున్నరు," అన్నాడు వీరేశం. "అంత లెక్క కట్టి చేస్తే!"

కనకలక్ష్మి ఇట్లాగే ఊరుకోవచ్చు. కానీ వచ్చే ఏడు కూడా అదే తోక మీద అదే పేరు రాస్తారు. ఆ ఏడు ముక్కు మీది గంధాన్ని వానో, ఆయన రుమాలో తుడిచేస్తే గది పోతుంది.

"బొట్టుతోనే ఎగిరింది," అన్నది. చపాతీ పిండి దగ్గర నుంచి అక్షింతల దాకా చెప్పింది. వివరించడానికి తొమ్మిదో తరగతి దాకా వెళ్ళలేదు.

వీరేశం రోడ్డు మధ్యలో ఆగాడు. వెనక ఆటోవాడు తిట్టి పక్కనుంచి పోయాడు.

"మరి పొద్దున్నే గట్టిగ చెప్పొద్దా?"

"చెప్పిన. తుడిచిన్రు."

"అది గూడ నీదేనా!" మళ్ళీ నడక మొదలుపెట్టాడు. "మా అమ్మ పసుపు?"

"నేను లావు పెట్టిననా ఏంది?" అన్నది లచ్చమ్మ.

"కొంచెం," అన్నది కోడలు.

"వచ్చే యేడు పేరు ముక్కు మీదనే రాయిద్దాం," అన్నాడు వీరేశం చివరికి. "అప్పుడు గంధం పని ఉండదు."

"అంత పేరు ముక్కు మీద పట్టదు." కనకలక్ష్మి చెంగు సర్దుకుంది. "సారు వాళ్ళ తాత పేరు పుల్లయ్యనట. వసంతక్క చెప్పింది. ఆయన పేరు మీద ఇంకేం లేవట బడిల."

వీరేశం పెదవులు కదులుతున్నాయి. అక్షరాలు లెక్కపెడుతున్నాడు. ఇంటి మలుపు దగ్గర తల ఊపాడు.

"రెండు పూతలు వేయిస్తే తోకకు సరిపోతది."