అమ్మ గీసిన గీతలు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పెద్దకూతురి పని. చూపు మందగించి అమ్మ అచ్చు పుస్తకాలు చదవలేకపోతోందని, అక్షరాలు పెద్దవి చేసుకునే ఈ-రీడర్ కొనిచ్చింది తనే. పాస్‌వర్డులంటే అమ్మకు తలనొప్పి కనక, తన ఖాతాతోనే దాన్ని మొదలుపెట్టించింది.

ఆ మధ్య చిన్నకూతురు ఒక నవల రాసింది. నలుగురూ మెచ్చుకుంటుంటే పెద్దామె పైకి నవ్వేది గాని, లోపల కుతకుత ఉడికిపోయేది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంటి చాకిరీ తనది, పొగడ్తలు చెల్లెలివి. అమ్మ మాత్రం ఆ నవల తలకెక్కలేదనీ, పది పేజీలు చదివి పక్కన పెట్టేశాననీ చెప్పింది. ఆ మాట విన్నరోజు పెద్దామె కడుపు చల్లబడింది.

ఒక మధ్యాహ్నం దుకాణంలో అన్నం తింటుంటే పుస్తకాల కంపెనీ నుంచి ఫోనుకు మెయిలొచ్చింది. ఈ నెల మీరు ఎక్కువగా చదివింది ఇదేనంటూ చెల్లెలి నవల అట్ట బొమ్మ. మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లట, నలభై ఒక్క గంటలట. ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగిందో, ఏ వాక్యం కింద గీత గీసిందో కూడా ఉంది. తినడం ఆపి క్యారేజీ మూత పెట్టేసింది.

సాయంత్రం తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఏమీ అనకూడదనుకుంటూనే మందులు సర్దిపెట్టింది, దిండ్ల గలీబులు మార్చింది. చివరికి నోరు ఊరుకోలేదు.

“‘ఆ ఇంట్లో నవ్వులన్నీ వంటగది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవి.’ ఈ ముక్క నీకు బాగా నచ్చినట్టుందే.”

అమ్మ చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. “నేను గీత గీసింది నీకెలా తెలుసు?”

ఖాతా తనది కాబట్టి అంతా తన ఫోనుకు వస్తుందని చెప్పింది పెద్దామె. కంపెనీవాళ్ళకూ తెలుస్తుందా అని అమ్మ అడిగింది. తెలుస్తుందంది. తను లేనప్పుడు ఎవరో బీరువా తెరిచి బట్టలన్నీ కెలికినట్టు అమ్మ ముఖం ముడుచుకుపోయింది.

“పక్కన రాసుకున్నవి కూడానా?”

అలాంటివి ఉన్నాయని పెద్దామెకు అప్పటిదాకా తెలియదు.

“అవి చదవకు. నీకోసం రాసినవి కావు,” అంది అమ్మ.

చదవననే మాటిచ్చింది. బస్సులో సీటు దొరికేసరికి మనసాగక, ఫోనులో తెరిచి చదివేసింది. చాలావరకు పాత ముచ్చట్లే. చివరి పేజీ పక్కన మాత్రం ఇలా ఉంది: ‘ఎంత బాగా రాసింది నా తల్లి. పెద్దదానికి తెలియనివ్వకూడదు. చిన్నబుచ్చుకుంటుంది.’

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తన అసూయ తనకొక్కదానికే తెలిసిన గుట్టనుకుంది ఇన్నాళ్ళూ. అమ్మకు ఎప్పుడో తెలుసు. తెలిసే, పసిపిల్ల కంటపడకుండా మిఠాయి దాచినట్టు తన సంతోషాన్ని దాచుకుంటూ వచ్చింది. ఆ సంతోషం చెల్లెలి వల్ల వచ్చిందేనన్న మంట మాత్రం అప్పటికీ చల్లారలేదు.

ఆదివారం వెళ్ళి చదివేశానని ఒప్పుకుంది. “చదువుతావని తెలుసులే,” అంది అమ్మ. పెద్దామె తన ఖాతాలోంచి అమ్మ గీతల్నీ రాతల్నీ చెరిపేసి, అమ్మ పేరున వేరే ఖాతా తెరిచింది. కంపెనీ దగ్గర మిగిలిపోయినవి తన చేతిలో లేవని కూడా చెప్పింది.

“పాస్‌వర్డు కొడతాను. అటు తిరుగు,” అంది అమ్మ.

ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. అమ్మ ఏ పుస్తకం తెరిచిందో అడగలేదు. అడగాలని మాత్రం ప్రాణం పీకుతూనే ఉంది.