చెవిన పడి అందని మాట

డ్రైవింగ్ నేర్పే ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. ఆ రోజు స్టీరింగు పట్టుకున్నది మందుల షాపులో పనిచేసే అమ్మాయి. మూడో గేరు వెయ్యమంటేనే చెమటలు పట్టే రకం.

"సిగ్నల్ దగ్గర కుడికి తిప్పమ్మా," అన్నాడు మాస్టారు.

ఆమె ఏదో అడిగింది. గొంతు ఆమెదే. మాటలు మాత్రం ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గలగలమన్నాయి.

"వేళాకోళమా? మనుషుల భాషలో చెప్పు!"

మళ్లీ అదే గలగల. మాస్టారు తన వైపున్న బ్రేకు తొక్కి కారు పక్కన ఆపించాడు. వెనక లారీ హారన్ స్పష్టంగానే వినిపించింది. రేడియో పెట్టాడు. రాగం తెలిసింది కానీ, పాడేవాడు నోట్లో నీళ్లు పోసుకుని పాడుతున్నట్టుంది. భార్యకి ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టాడు. అందులో ఒక్క మాటా లేదు. 'పిచ్చెక్కుతోందా నాకు?'

అమ్మాయి ఫోన్లో టైప్ చేసి చూపించింది: "వినపడట్లేదా మాస్టారూ?"

అక్షరాలు చక్కగా అర్థమయ్యాయి.

"వినపడుతోందమ్మా. అర్థమే కావట్లేదు. తలలో ఏదో అయింది. ఆస్పత్రికి పోనివ్వు."

ఆమె మొహం పాలిపోయింది. మీరే నడపండన్నట్టు స్టీరింగు చూపించింది.

"నా మీద నాకే నమ్మకం లేదు తల్లీ. నువ్వే పద. గేర్లు నేను చెప్తాను."

బండి కదిలింది. బస్సుల మధ్య ఆమె పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందో, మాస్టార్నే తిట్టుకుంటోందో ఆయనకి తెలియలేదు. "నాలుగో గేరు," అన్నాడు. వేసింది.

ఆస్పత్రిలో చెవులు పరీక్షిస్తే వినిపించిన ప్రతి కూతకీ వేలెత్తాడు. స్కాన్ చూసి డాక్టరమ్మ కాగితం మీద రాసింది: "చెవులు భేషుగ్గా ఉన్నాయి. శబ్దాన్ని మాటలుగా విడదీసే చోట, మెదడుకి రక్తం అందలేదు. త్వరగా వచ్చారు కాబట్టి మందు ఇవ్వగలిగాం."

"మళ్లీ బాగవుతుందా?"

డాక్టరమ్మ మళ్లీ కలం తీసింది. "కొంత," అని రాసింది.

భార్య పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని ఏదో అంది. ఏడుపు ఒక్కటే అర్థమైంది.

ఆ తర్వాత ఆమె రోజూ ఎదురుగా కూర్చుని ఒక్కొక్క మాటే నిదానంగా పలికేది: పాలు, తాళం, చెప్పు. ఆయన పెదాలు చూసి ఊహించేవాడు. తప్పు చెబితే, "మీకు ముందు కూడా నా మాట తలకెక్కేది కాదు లెండి," అని కాగితం మీద రాసి నవ్వించేది.

ఒక మధ్యాహ్నం ఆయన వీపు వెనక నుంచి కేక వినిపించింది. "కూర మాడుతోంది!" గబగబా వెళ్లి పొయ్యి కట్టేశాక గానీ, పెదాలు చూడకుండానే అర్థమైందన్న సంగతి ఆయనకి తట్టలేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు.

నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ గలగలే. కారు పాఠాలు మానేశాడు. పొద్దున్నే మెలకువ వచ్చినా కళ్లు తెరవకుండా పడుకుంటాడు. భార్య నోట మొదటి మాట వచ్చి, అది మాటేనని తెలిసేదాకా గుండెల్లో గుబులే.